గిటారుకు పెట్టె కొనేముందు అది ఏ బండి ఎక్కుతుందో చూసుకోండి

డిసెంబరు వచ్చిందంటే నా బల్ల మీదికి నెక్ విరిగిన గిటార్లు రావడం మొదలవుతుంది. సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ క్యారల్స్, వాటి వెనకే పెళ్లిళ్లు, సంక్రాంతికి ఊరూరా మ్యూజికల్ నైట్లు. మిగతా నెలల్లో గోడకు వేలాడే వాద్యాలన్నీ ఒక్కసారిగా రోడ్డెక్కే కాలం అది. రాజమండ్రి జాంపేటలో (2015లో పేరు రాజమహేంద్రవరంగా మారింది గానీ నా నోటికి ఇంకా రాజమండ్రే వస్తుంది) ఒక చిన్న గదిలో నేను గిటార్లు, బేస్ గిటార్లు బాగు చేస్తాను. ఆదివారాలు చర్చిలో బేస్ వాయిస్తాను. కుర్రతనంలో ఆర్కెస్ట్రాలతో కోనసీమంతా తిరిగినవాణ్ని. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎలక్ట్రిక్ గిటారుకు పెట్టె ఎంచుకునే పద్ధతి మన దగ్గర తలకిందులుగా ఉంది. గిటారు ఖరీదు చూసి పెట్టె కొంటున్నారు. అది ఏ బండి ఎక్కుతుందో, ఎవరి భుజాన వెళ్తుందో, వారమంతా ఏ మూల పడుంటుందో ఎవరూ ఆలోచించడం లేదు.

ఈ తంతు కొట్లోనే మొదలవుతుంది. ఎనిమిది వేల గిటారైనా, నలభై వేల గిటారైనా బేరం కుదిరాక షాపాయన చివర్లో ఒక మాట అంటాడు: "కవర్ ఫ్రీ అండీ." తల్లిదండ్రుల మొహాలు వెలిగిపోతాయి. ఆ కవర్ అంటే నైలాను గుడ్డ, లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల స్పాంజి, సన్నపాటి జిప్పు, భుజానికి ఒక పట్టీ. ఇంట్లో దుమ్ము పడకుండా అది బ్రహ్మాండంగా కాపాడుతుంది. అంతవరకే. దాన్ని తగిలించుకుని కొవ్వూరు నుంచి రోడ్డు కం రైలు బ్రిడ్జి మీదుగా మోటారు సైకిల్ మీద వచ్చే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె జారిపోతుంది. 1974 నాటి బ్రిడ్జి అది. స్పాను స్పానుకీ ఒక జాయింటు, జాయింటు జాయింటుకీ ఒక కుదుపు. సంచిలో గిటారు కదులుతోందో లేదో ఇవతలి ఒడ్డుకు వచ్చేసరికి తెలిసిపోతుంది.

ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు ఇక రెండో కొసకు వెళ్తారు. "ఖర్చు ఎంతైనా పర్లేదు, గట్టి హార్డ్ కేసు కావాలి." అక్కడితో భయం తీరిందనుకుంటారు. పోయిన సీజన్లో రావులపాలెం నుంచి ఒక పాస్టరుగారి అబ్బాయి వచ్చాడు. చేతిలో నల్లటి హార్డ్ కేసు, కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ.

"మాస్టారండీ, కేసులోనే పెట్టానండి. కేసు మీద గీత కూడా లేదు చూడండి. లోపల ఎలా ఇరిగిపోయిందండీ ఇది?"

"ఎక్కడైనా పడిందా బాబూ?"

"వ్యాన్లో నిలబెట్టానండి. బ్రేకు ఏత్తే ఎనక్కి పడింది. అంతేనండి, మరేం తగల్లేదు."

అంతే చాలు. ఆ గిటారు లెస్ పాల్ తరహాది. గిబ్సన్ కంపెనీ ఈ నమూనాను 1952లో తెచ్చింది, ప్రపంచంలో సగం కంపెనీలు ఇప్పటికీ దాన్నే చూసి చేస్తున్నాయి. నెక్ మహాగనీ కర్ర. హెడ్ తిన్నగా ఉండదు, వెనక్కి వంగి ఉంటుంది. అసలు గిబ్సన్లలో ఆ వంపు 17 డిగ్రీలు. ఆ వంపు తిరిగే చోటే నెక్ అన్నిటికన్నా సన్నం. సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే ఇనుప కడ్డీ) బిగించడానికి కర్రను తొలిచి ఖాళీ చేస్తారు. దానికి తోడు తీగల లాగుడు ఒకటి. మామూలు పది నంబరు సెట్టును సరైన శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిపి 45 కిలోల చుట్టూ లాగుతుంటాయి. హెడ్ మీద ఆరు ఇనుప ట్యూనర్ల బరువు. కేసు వెల్లకిలా పడింది. కేసు ఆగింది, బాడీ ఆగింది, నెక్ ఆగింది. ట్యూనర్ల బరువుతో హెడ్ మాత్రం ఆగలేదు, ఇంకాస్త వెనక్కి వెళ్లింది. ఎవరూ ముట్టుకోకుండానే కర్ర చీలింది.

ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లకు ఈ గొడవ బాగా తక్కువ. వాటి హెడ్ నెక్‌తో దాదాపు సమంగానే ఉంటుంది, కర్ర మేపుల్, నెక్‌ను బాడీకి స్క్రూలతో బిగిస్తారు. ఇంత తేడా ఉన్నా కొట్లో ఈ రెండు రకాలకూ ఒకే "యూనివర్సల్" కేసు చేతిలో పెడతారు. అన్నిటికీ సరిపోయేదంటే దేనికీ బిగువుగా ఉండదని అర్థం.

ఆ అబ్బాయి కేసులో నెక్‌ను మోసే దిమ్మ నెక్ నడుమ ఎక్కడో ఉంది. అక్కడి నుంచి హెడ్ దాకా అంతా ఖాళీ. బాడీ పక్కన నా వేళ్లు నాలుగు దూరేంత సందు. బయట చూస్తే ఏబీఎస్ ప్లాస్టిక్, మెరిసే తాళాలు, ఏనుగు తొక్కినా చెక్కుచెదరదన్నట్టు ఉంది. దాని ఖరీదుకు రెండు మంచి బ్యాగులు వచ్చేవి. విరిగిన నెక్ గురించి చెప్పాలంటే, శుభ్రంగా చీలినదైతే కర్ర గమ్‌తో, సరైన బిగింపుతో అతుకుతుంది, చాలా ఏళ్లు పనిచేస్తుంది. కంగారులో ఇంటి దగ్గరే క్షణంలో అతికే గమ్ పోసి తెచ్చిన వాటితోనే నా ప్రాణం పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. విరిగింది విరిగినట్టే, తీగలు వదులు చేసి, చీలిన పేళ్లు పోకుండా పట్టుకురండి.

కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను. ముందు మీ గిటారును కొట్టుకు తీసుకెళ్లండి, లేదా గిటారు కొన్నరోజే పెట్టె కూడా చూడండి. గిటారు లోపల పెట్టి హెడ్ మీద ఒక వేలితో మెల్లగా కిందికి నొక్కండి. తూగుడుబల్లలా బాడీ పైకి లేస్తే ఆ పెట్టె వద్దు. నెక్ కింద దిమ్మ నట్ (నెక్, హెడ్ కలిసే చోట తీగలు ఆనే పట్టీ) దగ్గరి దాకా రావాలి, హెడ్ వెనకభాగం కేసు అడుగుకు ఆనకుండా గాల్లో ఉండాలి. తర్వాత మూత వేసి చేతుల్లోకి ఎత్తి పక్కలకు ఊపండి. లోపల "టక్" మని వినిపిస్తే బాడీ వదులుగా ఉన్నట్టే. ఈ రెండు పరీక్షల్లో నెగ్గిన పెట్టె ఏ కంపెనీదైనా నాకు అభ్యంతరం లేదు. కొన్నదాంట్లో ఇప్పటికే సందు ఉంటే పారేయక్కర్లేదు. పాత తువ్వాలు మడిచి నెక్ కింద, నట్‌కు దగ్గరగా పెట్టండి, బాడీ పక్క సందుల్లో గుడ్డ కూరండి. నేను డబ్బులు పుచ్చుకోకుండా చెప్పే సలహాల్లో ఇదే అన్నిటికన్నా ఎక్కువ నెక్‌లను కాపాడింది.

ఇక అసలు ప్రశ్న, హార్డ్ కేసా, బ్యాగా? ప్లైవుడ్ మీద రెగ్జిన్ అంటించిన నలుచదరపు కేసు ఒక్కటే నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. దాంట్లో నాలుగు కిలోల గిటారు. మొత్తం తొమ్మిది కిలోలు, మీటరు పైన పొడవు, పట్టుకోవడానికి ఒకే ఒక పిడి. ఇది వ్యాను ఎక్కే సరుకు. మన కుర్రాళ్లలో సొంత వ్యాను ఉన్నవాడెవడు? స్కూటీ మీద కాళ్ల దగ్గర అడ్డంగా పెట్టుకుని దేవీచౌక్ మలుపు తిరిగి చూడండి, రెండు వైపులా ఆటోలు గీసుకుంటూ పోతాయి. వెనక కూర్చున్నవాడు ఒళ్లో పెట్టుకుంటే అరగంటలో చేతులు పడిపోతాయి. అలా ఇబ్బంది పడినవాడు మూడోసారికి కేసు ఇంట్లో వదిలేసి ఫ్రీ కవర్ తగిలించుకుని బయలుదేరతాడు. మోయలేని కేసు చివరికి మంచం కిందే ఉంటుంది. యూట్యూబులో హార్డ్ కేసే శరణ్యమని చెప్పేవాళ్లు చాలామంది గిటారును సొంత కారు డిక్కీలో పెట్టుకు తిరిగే దేశాలవాళ్లు. వాళ్ల మాట వాళ్ల రోడ్డుకు నిజమే.

బండి మీద, ఆటోలో, బస్సులో తిరిగేవాళ్లకు నా ఓటు మందపాటి బ్యాగుకే. రెండు వేల నుంచి నాలుగు వేల రూపాయల మధ్య చెప్పుకోదగ్గవి దొరుకుతున్నాయి. పేరున్న విదేశీ కంపెనీలవి ఇరవై వేలు దాటినవీ ఉన్నాయి, వాటి జోలికి అందరూ వెళ్లనక్కర్లేదు. స్పాంజి 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వేళ్లతో నొక్కితే అవతలి వేలు తగలకూడదు, వదిలితే వెంటనే పైకి రావాలి. లోపల నెక్ కింద దిండు, దాని మీద చుట్టి బిగించే వెల్క్రో పట్టీ ఉండాలి. భుజాన వేసుకునే పట్టీలు రెండుండాలి, అవి బ్యాగుకు కుట్టిన చోట కుట్టు అడ్డంగా నిలువుగా రెండు మూడు వరసలు ఉందో లేదో చూడండి. నా దగ్గరికి వచ్చే పడిపోయిన గిటార్లలో చాలా వరకు తెగిన పట్టీల పుణ్యమే.

బ్యాగుల్లో ఎవరూ చూడని చోటు ఒకటుంది, అడుగు. బెల్టు తగిలించే గుండీ గిటారు కింది అంచున ఉంటుంది. బ్యాగును నేల మీద ఆనించిన ప్రతిసారీ గిటారు బరువంతా ఆ ఒక్క గుండీ మీద పడుతుంది. నేల సిమెంటుదై, అడుగున పల్చటి స్పాంజే ఉంటే, ఆ దెబ్బ స్క్రూ ద్వారా కర్రలోకి వెళ్తుంది. గుండీ చుట్టూ రంగు పగిలి, కర్రకు సన్నటి చీలిక వచ్చిన గిటార్లు నా దగ్గర ఎన్నో. అడుగున గట్టి రబ్బరు, దాని మీద మందపాటి స్పాంజి ఉన్న బ్యాగు తీసుకోండి. ఇంకొకటి, ముందు జేబు. అందులో పెడల్, అడాప్టర్, కేబుల్ చుట్ట, టిఫిన్ బాక్సు కూడా కుక్కేస్తారు. బస్సులో పక్కవాడు ఆనుకుంటే ఆ అడాప్టరు పోయి పికప్‌ల మీదో బ్రిడ్జి మీదో కూర్చుంటుంది. జేబులో కాగితాలూ తీగల ప్యాకెట్టూ చాలు, మిగతావి వేరే సంచిలో వేసుకోండి. కేబుల్ గిటారుకు గుచ్చి ఉండగానే బ్యాగులో తోసేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాటలు లేవు.

బండి మీద బ్యాగు తగిలించుకుంటే హెడ్ మీ హెల్మెట్ కన్నా పైకి ఉంటుంది, మీకది కనిపించదు. చెట్టుకొమ్మ, సగం దింపిన ఫంక్షన్ హాలు షట్టరు, షామియానా తాడు, ఆటో టాపు, ఇవన్నీ ముందు దానికే తగులుతాయి. పట్టీలు వదులు చేసి బ్యాగును కిందికి దింపుకోండి, లేదా ప్రయాణంలో హెడ్ దగ్గర అదనంగా గుడ్డ చుట్టండి.

బేస్ సంగతి వేరుగా చెప్పాలి. నా వాద్యం కాబట్టి కాస్త పక్షపాతం ఉంటే ఉండొచ్చు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు తీగ పొడవు 34 అంగుళాలుగా పెట్టాడు. ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకు అదే కొలత. హెడ్‌తో కలిపి చూస్తే దాదాపు 117 సెంటీమీటర్లు, బరువు నాలుగైదు కిలోలు. నాలుగు తీగలే అయినా లాగుడు 70 కిలోలు దాటుతుంది. మా చర్చిలో బేస్ నేర్చుకుంటున్న ఒక ఇంటరు అమ్మాయి కడియం నుంచి ఆర్టీసీ బస్సులో వస్తుంది. పొడవు అయిదడుగులు ఉంటుందేమో. వాళ్ల నాన్నగారు ప్రేమకొద్దీ ప్లైవుడ్ కేసు కొన్నారు. దాన్ని బస్సెక్కించడానికి కండక్టరు సాయం పట్టాల్సి వచ్చేది. మార్చి బ్యాగు తీసుకున్నారు, అయినా మెట్టు మెట్టుకీ అడుగు ఆమె పిక్కలకు, మెట్టు అంచుకు కొట్టుకునేది. చివరికి పట్టీలు బ్యాగుకు కింది భాగాన కుట్టిన రకం చూసి తెచ్చుకున్నారు. దాంతో బేస్ వీపు మీద ఒక జానెడు పైకి జరిగింది. బేస్‌కు బ్యాగు కొనేవాళ్లు మోసేమనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి, తగిలించుకుని రెండు మెట్లు ఎక్కి దిగి చూడాలి. పొట్టివాళ్లకు, పిల్లలకు 30 అంగుళాల బేస్‌లు కూడా ఉన్నాయి, అది మరో చర్చ.

ఇంతసేపూ బ్యాగును పొగిడాను గదా, దాన్ని గట్టిగా కాదనే చోటు కూడా ఉంది. వాద్యం ఇంటికి వెళ్లకుండా చర్చిలోనే ఉండే చోట. గోదావరి జిల్లాల్లో గిటారు ఎక్కువగా బతుకుతున్నది చర్చిల్లోనే. లూథరన్ మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దం నడిమికే ఈ ఊరు వచ్చారు, లూథర్‌గిరిలో వాళ్ల వేదాంత కళాశాల వెలిసింది. పాట అప్పటి నుంచీ ఆరాధనలో భాగమే. హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది, కీబోర్డు పక్కన లీడు, బేసు వచ్చాయి. పల్లెటూరి చర్చిల్లో ఆదివారం సాయంత్రం బ్యాగు జిప్పు వేసి మూలన నిలబెడితే మళ్లీ ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోరు. ఎలుకలకు మాత్రం తీరిక ఉంటుంది. స్పాంజి వాటికి ఇష్టమైన పరుపు. కేబుల్ కొరికి, బ్యాగు అడుగున పిల్లలు పెట్టిన సందర్భాలు నేను చూశాను. అలాంటి చోట మూత బిగుసుకునే గట్టి కేసే పెట్టాలి, దాన్ని బల్ల మీద పడుకోబెట్టాలి. బరువు ఎంతున్నా అక్కడ బాధ లేదు, అది ఎక్కడికీ వెళ్లదు.

గట్టి కేసుకు మన వాతావరణంతో మరో పేచీ ఉంది. లోపలి మెత్తటి మఖమలు గుడ్డ తేమను పట్టుకుంటుంది, వదలదు. గిటారు కర్రకు 45 నుంచి 55 శాతం తేమ హాయి అంటారు. గోదావరి గట్టున వానాకాలంలో ఆ అంకె మనకు కలలోకి కూడా రాదు. తడిసిన గిటారును తుడిచి కేసులో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో బూజు వాసన, తీగల మీద తుప్పు, వాల్యూము తిప్పితే గరగర. వానలో వచ్చినరోజు వాద్యాన్ని బయటికి తీసి ఫ్యాను కింద పెట్టండి, పెట్టెను వేరుగా తెరిచి ఉంచండి. సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి నెలకోసారి మార్చండి. వేసవిలో ఇంకో ప్రమాదం. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. ఎండలో మూసిపెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటొచ్చు, నల్లటి కేసు ఆ వేడిని బాగా లాగుతుంది. ఆ వేడికి కర్ర అతికించిన గమ్ మెత్తబడుతుంది, నెక్ వంగుతుంది. ఎంత ఖరీదైన పెట్టె అయినా దీనికి మందు కాదు. కారు దిగితే గిటారును కూడా దింపుకోండి.

దూరప్రయాణాల లెక్క మళ్లీ వేరు. రైల్లో బ్యాగే నయం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్తే పైబెర్తు తీసుకుని గోడవైపు గిటారును పడుకోబెట్టుకోవచ్చు, రాత్రంతా అది మన పక్కనే ఉంటుంది. సీటు కింద తోస్తే ఎవరి సూట్‌కేసు ఎప్పుడు వచ్చి గుద్దుతుందో చెప్పలేం. ప్రైవేటు బస్సు డిక్కీలో వేయక తప్పకపోతే మాత్రం హార్డ్ కేసు కావాల్సిందే. అక్కడ దాని మీద మామిడికాయల బుట్టలుంటాయి, బియ్యం బస్తాలుంటాయి. ఆర్కెస్ట్రా రోజుల్లో మేం నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద వాద్యాలన్నీ దాటించేవాళ్లం. మా పెద్ద బేసిస్టు వడ్రంగితో చేయించుకున్న చెక్క పెట్టె తెచ్చేవాడు, మూలలకు ఇనప రేకులు, లోపల దూది పరుపు. నాటకాల హార్మోనీ పెట్టె చూసి చేయించుకున్నానని చెప్పేవాడు. పద్యనాటకం హార్మోనిస్టులు పెట్టె లేకుండా వాకిలి దాటేవాళ్లు కాదు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని ఆ చెక్క పెట్టె ఇప్పటి కుర్రాళ్లకు నవ్వులాట గానీ, వ్యాను, పంటు, ఎడ్లబండి మారే ప్రయాణానికి అదే సరైన పెట్టె. దానికి నేటి రూపం అల్యూమినియం అంచుల ఫ్లైట్ కేసు. సొంత వాహనం, ఎత్తడానికి మనుషులు ఉన్న బృందాలకే అది.

విమానం ఎక్కేవాళ్ల కోసం మన ప్రాంతపు కళాకారుడి పేరు ఒకటి చెప్పాలి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్లాడు, ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగాడు. నాన్నగారు సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. ఎలక్ట్రిక్ తీగ వాద్యం గోదావరి జిల్లాలకు నిన్న మొన్న వచ్చింది కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. మాండొలిన్ గిటారు కన్నా బాగా పొట్టి, దాంతో ప్రయాణం కాస్త తేలిక. గిటారు మీటరు పొడవు. మన విమానాల్లో చేతిసామానుకు సాధారణంగా 7 కిలోలు, 55 సెంటీమీటర్ల పొడవు దాటకూడదంటారు. ఆ లెక్కన ఏ గిటారూ పనికిరాదు. మన మధురపూడి విమానాశ్రయం నుంచి 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి, ఈ ఊరి కళాకారులకు అది మంచి కబురే. కానీ గిటారుతో వెళ్తే కౌంటరు దగ్గర ఒకరు సరే అంటారు, గేటు దగ్గర ఇంకొకరు కాదంటారు. చిన్న ఏటీఆర్ విమానమైతే పైఅరలో అసలు చోటే ఉండదు.

కెనడా గాయకుడు డేవ్ కారల్ 2008లో యునైటెడ్ విమానంలో వెళ్తే షికాగోలో అతని టేలర్ గిటారు పగిలింది. బాగు చేయించడానికి 1,200 డాలర్లు అయింది, కంపెనీ ఇవ్వనంది. 2009 జులైలో దాని మీదే ఒక పాట కట్టి యూట్యూబులో పెడితే లోకమంతా చూసింది. అమెరికాలో 2012లో చేసిన చట్టం ప్రకారం 2015 మార్చి నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. ఎక్కే సమయానికి పైఅరలో చోటుంటే గిటారు, వయొలిన్ లాంటి వాద్యాలను చేతిసామానుగా అనుమతించాలి. ఇలాంటి నిబంధన మన విమానయాన శాఖ కూడా స్పష్టంగా రాసి, ప్రతి కౌంటరులో అంటించాలని నా కోరిక. వీణలు, సితార్లు, మృదంగాలు మోసుకు తిరిగే దేశంలో ఇది పాశ్చాత్య వాద్యాల గొడవగా మిగలకూడదు. అప్పటిదాకా లగేజీలో వేయక తప్పనివాళ్లు గట్టి కేసు, నెక్ కింద దిమ్మ, హెడ్ చుట్టూ గుడ్డ, తీగలు రెండు మూడు మెట్లు వదులు, ఇంతే చేయగలరు.

కొట్ల వాళ్లకు నాదొక విన్నపం. బ్యాగు మీద స్పాంజి మందం మిల్లీమీటర్లలో రాయండి. ఏ గిటారు ఆకారానికి చేసిన కేసో రాయండి. లోపల పెట్టి చూసుకుంటామంటే విసుక్కోకండి. చర్చి కమిటీలు, ఆర్కెస్ట్రా నడిపేవాళ్లు వాద్యం ఎస్టిమేటు రాసేటప్పుడే పెట్టెను ఇంకో వరసగా రాయండి. తర్వాత చూద్దామన్న పెట్టె ఎప్పటికీ రాదు, ఆ డబ్బు మరుసటి డిసెంబరులో నా బల్ల దగ్గర కట్టాల్సి వస్తుంది. ప్రోగ్రాముకు బయానా ఇచ్చేవాళ్లు వాద్యాలకు వ్యానులో చోటు సంగతి కూడా మాట్లాడండి.

పిల్లలకు గిటారు కొనే తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. బడ్జెట్టు పదివేలైతే ఎనిమిదివేల గిటారు, రెండువేల బ్యాగు తీసుకోండి. ఫ్రీగా ఇచ్చిన కవర్‌ను ఇంట్లో దుమ్ముకు వాడుకోండి. బ్యాగు కొనేరోజు గిటారునూ, దాన్ని మోసే పిల్లనో పిల్లాణ్నో కూడా కొట్టుకు తీసుకెళ్లండి.